బయటికి వెళ్లిన సమయం

"మీరేనా పసుపు?" అని ఫోన్లో ఒకావిడ ఇంగ్లిష్‌లో అడిగింది.

లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మా ఆఫీసు కిచెన్‌లో ఉన్నాను. డబ్బాలో తెచ్చుకున్న పప్పన్నం మైక్రోవేవ్‌లో తిరుగుతోంది. ఎవరో ఇన్సూరెన్సు వాళ్లనుకుని పెట్టేయబోయాను. ఆవిడ మళ్లీ అంది: "టర్మరిక్ అని రాసుంది. మనిషి పేరు లేదు, నంబరొక్కటే. నేను హేస్ నుంచి మాట్లాడుతున్నా. మా ఎదురు ఫ్లాట్‌లో ముసలాయన పోయాడు. ఆయన పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్తున్నా. అందరూ అంటే నలుగురే."

నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనా "ఎవరు?" అని అడిగాను. అదీ నా తెలివి.

"ఆయన డాక్టరా?" అని అడిగిందావిడ. "డ్రాయర్ నిండా నీలం రంగు గ్లౌజులున్నాయి. ఒక్క జత కూడా తొడిగినట్టు లేదు."

"కాదండీ. ఎయిర్‌పోర్టులో సామాను ఎక్కించేవాడు."

"మీకేమవుతాడు?"

"ఏమీ కాడు" అనేశాను.

ఎనిమిదేళ్లు ఆ మనిషి నా కోసం నోరు మూసుకుని కూర్చున్నాడు. చివరికి తన సొంత ఫోన్ పుస్తకంలో కూడా నా పేరు రాసుకోలేదు, ఎవరి కంటనైనా పడుతుందని. నేనేమో అడిగీ అడగ్గానే ఏమీ కాడనేశాను. ఆయన గురించి రాద్దామనే కూర్చున్నాను గానీ మధ్యలో నేను వస్తూనే ఉంటాను. నన్ను పక్కకి నెట్టి ఆయన్ని చెప్పడం కుదరదు, కుదిరితే ఎంత బాగుండేదో.

రెండు వేల పదిలో నా మాస్టర్స్ అయిపోయింది. చదువయ్యాక రెండేళ్లు ఏ పనైనా చేసుకోవచ్చని వీసా ఇచ్చారు, పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం అప్లై చేసీ చేసీ విసిగిపోయి, ఒక ఏజెన్సీ వాళ్లు పంపిస్తే హేస్‌లో ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఒక గోడౌన్‌లో చేరాను. అది ఒక ట్రస్టు వాళ్లది. పేరెందుకులెండి, ఇప్పటికీ ఉంది, ఉత్తరాలకి చాలా మర్యాదగా జవాబులు రాస్తుంది. వంద నూటయాభై ఏళ్ల కిందట ఆ ట్రస్టు పెద్దమనుషులు లోకమంతా తిరిగి కనబడిందల్లా ఓడలకెక్కించి తెచ్చారు. ఆ సామానంతా పాత చెక్క పెట్టెల్లోంచి తీసి, పల్చటి కాగితంలో చుట్టి, కొత్త అట్టపెట్టెల్లో సర్ది, నంబరు అతికించడం మా పని. మెడలో కార్డు, గోడ మీద డ్యూటీల రోటా, పదకొండింటికి టీ.

ప్రతి నెలా మొదటి మంగళవారం ఆయన వచ్చేవాడు.

డెబ్బై దాటిన మనిషి, తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు ఆగిపోయేంత భుజాలు. రిటైరై ఎన్నేళ్లయినా ఎయిర్‌పోర్టు పచ్చ జాకెట్టు మాత్రం విడవలేదు. కళ్లజోడు బూటు లేసుతో మెడకి కట్టుకునేవాడు. కాస్తంత నడక, కాస్తంత ఊగడం, ఇంకా ఓడ మీదే ఉన్నట్టు. కుర్రతనంలో ఓడ మీద పనిచేస్తూ లండన్ వచ్చి, దిగి, హీత్రోలో కార్గో లోడరుగా చేరి, ముప్పై ఏళ్లు విమానాల కడుపులు నింపాడు. అందుకేనేమో, దేన్ని చూసినా చూపుతోనే తూచేవాడు. మా మధ్య మొదటి మాట అదే. నా హ్యాండ్‌బ్యాగ్ వంక చూసి "నాలుగున్నర కేజీలు. ఏం మోస్తున్నావమ్మాయీ, ఇటుకలా?" అన్నాడు. ఇంటికెళ్లి కుతూహలం ఆగక తూచాను. నాలుగున్నరే.

ఆయన మాట్లాడింది ఇంగ్లిషే, అదీ ఎయిర్‌పోర్టు ఇంగ్లిష్. నాకు మాత్రం ఆయన మాటలన్నీ తెలుగులోనే గుర్తుండిపోయాయి, కాబట్టి అలాగే రాస్తున్నాను. నేను అంకుల్ అనేదాన్ని. ఆయన అమ్మాయీ అనేవాడు.

గేటు దగ్గర సందర్శకుల పుస్తకం ఉండేది. పేరు, సంస్థ, వచ్చిన పని, లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం. మిగతావాళ్లు సంస్థ దగ్గర ఫలానా యూనివర్సిటీ అని రాసేవాళ్లు. ఈయన 'కుటుంబం' అని రాసేవాడు. వచ్చిన పని: 'చూడ్డానికి.' చివరి గడి ఎప్పుడూ ఖాళీ. వెళ్లేటప్పుడు పుస్తకం వంక కూడా చూసేవాడు కాదు. మా సూపర్‌వైజరమ్మ ప్రతిసారీ గేటు దాకా వెంటపడేది.

"సార్, బయటికి వెళ్లిన టైమ్ రాయలేదు. రేపు మంటలేమైనా లేస్తే మీరు లోపలే ఉన్నారనుకుని ఫైరింజన్ వాళ్లు వెతుకుతారు."

"వెతకనివ్వు. లోపలే ఉంటాను."

ఆవిడకి కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. చెడ్డమనిషి కాదు. ఆ గోడౌన్‌లో చెడ్డవాళ్లు ఒక్కరు కూడా లేరు, ఉంటే తిట్టుకుని అయినా ఊరుకుందును.

ఆయన చూడ్డానికి వచ్చేది ఒక రాయిని. మోకాలెత్తు నల్లరాయి, పైన కాస్త వంపు, వెనక పక్క బొటనవేలు పట్టేంత గుంట. చెక్కడం లేదు, బొమ్మ లేదు, అక్షరం లేదు.

పసిఫిక్ సముద్రం నడుమ పాలినేషియా దీవుల్లో ఆయనది ఒక చిన్న దీవి, అందులో ఒక్కటే ఊరు. ఊరి వెనక కొబ్బరిచెట్ల మధ్య నల్లరాళ్లు పరిచిన పాత అరుగు ఉంది. మరాయె అంటారు దాన్ని. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా రాతిగొడ్డళ్లు, ఆల్చిప్పతో చేసిన గాలాలు, ఎప్పటివో పొయ్యిరాళ్లు బయటపడతాయి. ఎన్ని వందల ఏళ్ల నాటివో ఊరివాళ్లూ చెప్పలేరు, వచ్చి తవ్విన పండితులూ ఒక మాట మీద లేరు. అరుగు చివర రాళ్లు నిలబెట్టి ఉంటాయి. ఒక్కో రాయి ఒక్కో పూర్వీకుడు వీపు ఆనించుకుని కూర్చునే చోటు. మొత్తం ఏడు. ఆరే ఉన్నాయి. ఏడోదాని చోట గొయ్యి ఉంది. ఏ కాలంలోనో ఓడ దిగిన ఒక దొర దాన్ని పెకిలించి పట్టుకుపోయాడు.

"ఆ గోతిని మేం పూడ్చలేదు" అని చెప్పాడాయన. "వారం వారం కలుపు తీస్తాం. ఆదివారం అందరం చర్చికి పోతాం, దాని ముందు శనివారం గోతిలో కలుపు తీస్తాం. పిల్లలెవరూ అందులో దిగకూడదు. నేను చిన్నప్పుడు ఒకసారి దిగితే మా అమ్మమ్మ వీపు చిట్లగొట్టింది. అది ఖాళీ కాదురా, చోటు అంది."

రాయి ఉన్న గదిలోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర మూడుసార్లు దగ్గేవాడు, పెద్దవాళ్లు పడుకున్న గదిలోకి వెళ్తున్నట్టు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, రాయికన్నా ఎత్తులో కూర్చోకూడదని. విప్పిన అట్టపెట్టె ఒకటి నేల మీద పరుచుకుని దాని మీద బాసింపట్టు వేసుకునేవాడు. సూపర్‌వైజరమ్మ నీలం గ్లౌజులు ఇచ్చేది. "ఇవి వేసుకుంటే ముట్టుకోవచ్చు సార్, మాకేం అభ్యంతరం లేదు" అనేది. ఆయన థాంక్యూ చెప్పి, జాగ్రత్తగా మడిచి, జాకెట్టు జేబులో పెట్టుకునేవాడు. ముట్టుకునేవాడు కాదు. గంటసేపు కూర్చుని, లేచి, రాయికి వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చేసేవాడు.

"ఎందుకంకుల్ ముట్టుకోరు?" అని ఒకరోజు టీ టైమ్‌లో అడిగాను.

"ఇక్కడ ముట్టుకుంటే ఇక్కడ కలిసినట్టవుతుంది. నేను దాన్ని మా ఊళ్లో కలవాలి. నలభై ఒక్క కేజీలు ఉంటుంది అమ్మాయీ. ఒక్కడు ఎత్తకూడదు, ఇద్దరు పట్టాలి. ఇన్నేళ్లలో ఎన్ని పెట్టెలు ఎక్కించానో లెక్కే లేదు. ఈ ఒక్కదాన్నీ ఎక్కించలేకపోయాను."

నాకు మా ఊరు గుర్తొచ్చింది. "మా ఊళ్లోనూ ఒక రాయి ఉందంకుల్. బొడ్రాయి అంటాం. ఊరికి బొడ్డు లాంటిది. పండగొస్తే బిందెలతో నీళ్లు పోసి, పసుపు పూసి, కుంకుమ పెడతాం."

"ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"అయ్యో, ఎవరికి కావాలంకుల్? మామూలు రాయి."

ఆయన కప్పులో మిగిలిన టీ పారబోసి నవ్వాడు. "మాదీ మామూలు రాయే."

ఆ జూలైలో మా అమ్మ కవర్లో రెండు పొట్లాలు పంపింది, బోనాలప్పుడు పోచమ్మ గుడి దగ్గర తీసుకున్న పసుపు, కుంకుమ. ఆ రోజు పోస్టులో వస్తే బ్యాగులో వేసుకుని పనికి వెళ్లాను. మధ్యాహ్నం ఆ గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. కుర్రాళ్లిద్దరు రాయిని కొత్త పెట్టెలో దింపి వెళ్లారు, చుట్టి మూసే వంతు నాది. చుట్టే ముందు దాని మొహం చూశాను. మొహం ఎక్కడుంది అంటారా, నాకు కనబడింది. అంతకుముందు వారమే ఆయన అన్నాడు, వచ్చిన దగ్గర్నుంచీ దీనికి ఎవరూ ఏమీ పెట్టలేదు, ఇన్నేళ్లుగా పస్తులుంది అని. నా చెయ్యి నా మాట వినలేదు. కుళాయి నీళ్లతో చిటికెడు పసుపు తడిపి, వెనక గుంటలో, ఎవరికీ కనబడని చోట పూశాను. వట్టి వేలితో. దణ్ణం పెట్టుకున్నాను. కుంకుమ పెట్టలేదు, ఎర్రగా తెలిసిపోతుందని. భక్తి అంతవరకే, భయం దగ్గర ఆగిపోయింది. కాగితం చుట్టి, పెట్టె మూసి, నంబరు అతికించాను.

ఆ రాయిని ఆయన ఒక్కసారైనా ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను. ఈ ఒక్క ముక్క తలుచుకుంటే చాలు, అన్నం సయించదు.

మరుసటి ఏడాది వసంతంలో, ఆ దీవి పంచాయతీ వాళ్లు రాసిన ఉత్తరానికి ట్రస్టు నుంచి జవాబు వెళ్లింది. సూత్రప్రాయంగా ఒప్పుకున్నాం, రాయి పరిస్థితి ఒకసారి పరీక్ష చేయించి పంపించేస్తాం అని. ఆయన ఆ రోజు మంగళవారం కాకపోయినా వచ్చాడు. గేటు దగ్గర పుస్తకం రాయడం కూడా మరిచిపోయాడు. "నాలుగు విమానాలు, చివర ఒక పడవ. మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఊళ్లో గొయ్యి కొలుస్తున్నారు" అన్నాడు.

తర్వాత నన్ను గోడౌన్ వెనక్కి తీసుకెళ్లాడు. ఒక అట్టపెట్టె నిండా ఫొటోకాపీ కాగితాల కట్టలు పేర్చి, చూపుతో తూచి, ఇంకో కట్ట వేసి, "ఇప్పుడు నలభై ఒకటి. అలమారులోంచి బండి మీదికి మనిద్దరమే దింపాలి, ఇంకెవరూ వద్దు. పట్టు" అన్నాడు.

"నా వల్ల కాదంకుల్."

"నడుము వంచకు, మోకాళ్లు వంచు. ఒకటి రెండు మూడు అని నేననను. నేను ఊపిరి పీల్చగానే లేపాలి. నా మొహం చూస్తుండు."

మొదటిసారి నేను ముందు లేపాను, రెండోసారి ఆయన. నాలుగోసారికి పెట్టె నిండుకుండలా లేచింది, ఒక్క కాగితం కదల్లేదు. అంత సంతోషం నేను ఇంకే పెద్దమనిషి మొహంలోనూ చూడలేదు.

మూడు వారాల తర్వాత పరీక్ష చేసే ఆవిడ వచ్చి, ఏదో ప్రత్యేకమైన దీపం కింద రాయిని పెట్టింది. వెనక గుంట పచ్చగా వెలిగిందట.

తర్వాతి నెల మొదటి మంగళవారం సూపర్‌వైజరమ్మ రిపోర్టు పట్టుకుని ఎదురొచ్చింది. పాపం, ఆవిడ మొహం కూడా వెలిగిపోతోంది. "సార్, గొప్ప వార్త! మీ రాయి మేమనుకున్నదానికన్నా ఎంతో అరుదైనది. పూజలో వాడిన పసుపు ఆనవాళ్లు ఇంకా మిగిలున్నాయి. ఇంతకాలం నిలిచినవి ఇంకెక్కడా లేవేమో!"

ఆయన కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "మా ఊళ్లో రాళ్లకి పసుపు పెట్టరు. పసుపు బాలింతలకి పూస్తాం, పుట్టిన బిడ్డని చుట్టే బట్టకి అద్దుతాం. ఇవి పోయినవాళ్ల రాళ్లు."

ఆవిడ శ్రద్ధగా విని, తల ఊపి, రిపోర్టు అంచున రాసుకుంది. తర్వాత నేను ఆ కాగితం చూశాను. 'ఈ ఆచారాన్ని స్థానికులు కాలక్రమంలో మరిచిపోయినట్టుంది' అని రాసింది.

"అయితే ఎప్పుడు పంపిస్తారు?" అన్నాడాయన.

"అదే సార్. అది ఎంత పాతదో తేలేదాకా రాయిని కదపకూడదని సలహా ఇచ్చారు. ప్రయాణంలో రాలిపోవచ్చు కదా."

"తేల్చండి మరి."

"తేల్చాలంటే కొంచెం గీకి తీయాలి. గీకడానికి మా నిబంధనలు ఒప్పుకోవు."

నేను అక్కడే, మూడడుగుల దూరంలో, టేపు పట్టుకుని నిలబడున్నాను. ఒక్క మాట చాలు. నేనే పెట్టాను మేడమ్, పోయిన జూలైలో, మా అమ్మ పంపింది. అంతే. మ్యూజియం వస్తువు పాడుచేసిందని పోలీసు కేసు పెడతారు, వీసా పోతుంది, విమానమెక్కించి పంపించేస్తారు, మా నాన్న నలుగురిలో తలెత్తుకోలేడు. ఒక్క క్షణంలో ఇదంతా తిరిగింది బుర్రలో. టేపు కోసి పక్క పెట్టెకి అతికించాను.

సాయంత్రం బస్‌స్టాప్‌లో ఆయనకి చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. కొడతాడనుకున్నాను, కనీసం తిడతాడనుకున్నాను. ఆయన కాసేపు నా వేలి వంక చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. బస్సు వచ్చి వెళ్లిపోయేదాకా నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

"మా తాతలకి పురుడు పోశావు కదే అమ్మాయీ!"

నవ్వు ఆగాక అడిగాడు, "వాళ్లకి చెప్తావా?"

"చెప్తానంకుల్. ఈ వీసా అయిపోయి వర్క్ వీసా రానీండి. కాగితం చేతికి రాగానే చెప్తాను. కావాలంటే మీరే చెప్పేయండి."

"నేను చెప్పకూడదు. మా దగ్గర పద్ధతి ఒకటుంది. మరాయె దగ్గర ఎవరు తప్పు చేస్తే వాళ్లే చెప్పాలి, రాయి ముందు నిలబడి, దాన్ని కాసేవాళ్లు వింటుండగా. ఒకరి తప్పు ఇంకొకరు చెబితే అది రెండో తప్పు. నీ పేరు నా నోట రాదు." మళ్లీ అన్నాడు, "నీ కాగితం రానీ."

ఆయన మాట మీద నిలబడ్డాడు. రాయి తన ఊరు చేరకుండా అడ్డుపడ్డది నేనేనని తెలిసి కూడా, నెలనెలా వెళ్లి, నేల మీద కూర్చుని, గ్లౌజులు జేబులో వేసుకుని వచ్చాడు. సూపర్‌వైజరమ్మతో ఒక్క మాట అనలేదు.

రెండు వేల పన్నెండులో వాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం వచ్చింది, వర్క్ వీసా వచ్చింది. ఆయన ఫోన్ చేశాడు. "కాగితం వచ్చిందా?" వచ్చింది గానీ అంకుల్, ఇది కంపెనీ చేతిలో ఉంటుంది, వాళ్లు వద్దంటే పోతుంది, శాశ్వతంగా ఉండే కాగితం రానీండి అన్నాను. "సరే" అన్నాడు. ఏడాదికి రెండు మూడుసార్లు ఫోన్ చేసేవాడు. ఎలా ఉన్నావు, చలి ఎలా ఉంది, కాగితం వచ్చిందా. గట్టిగా అడిగింది లేదు. నాకు పాప పుడితే ఆస్పత్రికి వచ్చి, పొత్తిళ్లలో బిడ్డని చూపుతోనే తూచి "మూడు కేజీల వంద" అన్నాడు. నర్సు కాగితం చూసి నోరు తెరిచింది. ఆ రోజు కూడా గుమ్మం దగ్గర వెళ్తూ వెళ్తూ అడిగాడు.

పేరు లేకుండా ఒక ఉత్తరం రాసి పడేయొచ్చు కదా అంటారు మీరు. రాశాను. రెండు నెలలు బ్యాగులో మోశాను. పోస్టు డబ్బా ఎదురుగా నిలబడి కూడా వెయ్యలేదు.

మా ఆయనకి ఒకసారి మొత్తం చెప్పాను. "నీకేమన్న పిచ్చా?" అన్నాడు. "ఇప్పుడేం తొందరొచ్చింది? ఐఎల్‌ఆర్ రానియ్యి, పాస్‌పోర్ట్ రానియ్యి. అప్పుడు నీ ఇష్టం. ఆ రాయి యాడికన్న పోతదా?"

"యాడికీ పోదు. అదే గద బాధ" అన్నాను. అని, ఊరుకున్నాను. మా ఆయన మీద తోసేద్దామని రాయడం లేదిది. ఊరుకోమన్న మాట నాకు హాయిగానే ఉండింది.

ఐఎల్‌ఆర్, అంటే శాశ్వతంగా ఉండే కాగితం, వచ్చింది. పాస్‌పోర్ట్ కూడా వచ్చింది. రెండు వేల పద్దెనిమిది వేసవిలో కౌన్సిల్ హాల్లో రాణిగారి ఫొటో ముందు నిలబడి పౌరసత్వ ప్రమాణం చేసి, పట్టుచీరలో ఫొటో దిగి, ఇంటికొచ్చి కేకు కోశాం. అంకుల్‌కి ఫోన్ చెయ్యలేదు. ఆయన చేస్తే రెండుసార్లు ఎత్తలేదు.

ఆ అక్టోబరులో సౌతాల్‌కి సరుకులకి వెళ్లాం. బియ్యం బస్తా కారులో పెట్టడానికి మా ఆయన ముందు వెళ్లాడు. నేను సంచులు పట్టుకుని కొట్టు బయట నిలబడ్డాను. ఎదురుగా పచ్చ జాకెట్టు. ఏడాదిలో మనిషి సగమైపోయాడు, భుజాలు హ్యాంగరుకి తగిలించినట్టున్నాయి. నా చేతిలో సంచి వంక చూశాడు. పసుపు ప్యాకెట్ పైకే కనబడుతోంది.

"అరకిలో" అన్నాడు, నవ్వుతూ.

"బాగున్నారా అంకుల్?"

"జీపీ డాక్టరు ఏవో మందులిచ్చాడు. అమ్మాయీ, కాగితం వచ్చిందా?"

పాస్‌పోర్ట్ మూడు నెలల నుంచీ మా బీరువాలో ఉంది. ఇంక భయపడ్డానికి ఏమీ లేదు. పోలీసు లేడు, వీసా లేదు, కంపెనీ లేదు. ఒక్క సిగ్గు మిగిలింది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారేమోనని. ఆ ఒక్కదాని కోసం, ఆ ముసలాయన కళ్లలోకి చూస్తూ అన్నాను.

"ఇంకా రాలేదంకుల్."

ఆయన నా మొహాన్ని చూశాడు. తూచాడో లేదో నాకు తెలియదు. "సరే, వస్తుందిలే" అన్నాడు. "ఊళ్లో గోతిలో కలుపు తీస్తూనే ఉన్నారు."

కారు హారన్ వినబడి పరుగెత్తాను. అదే ఆఖరు.

ఫిబ్రవరిలో ఎదురు ఫ్లాటావిడ ఫోన్ చేసింది. బూడిదని చెల్లెలి దగ్గరికి పంపిస్తున్నారట. నాలుగు విమానాలు, ఒక పడవ. ఆయన వెళ్లాడు, రాయి వెళ్లలేదు.

అప్పుడు చెప్పాను. అప్పుడు! ట్రస్టుకి మెయిల్ రాశాను, ఏ నెలలో, ఏ పెట్టెలో, ఏ గుంటలో, ఎవరు పంపిన పసుపు, ఒక్క ముక్క దాచకుండా. రెండు వారాలకి జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీరు మా దగ్గర పనిచేసినట్టు రికార్డు లేదు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ల వివరాలు ఏజెన్సీ దగ్గరే ఉంటాయి, ఆ ఏజెన్సీ ఇప్పుడు లేదు. నిపుణుల రిపోర్టుని ఒక వ్యక్తి జ్ఞాపకం మీద ఆధారపడి మార్చలేం. ఈ వస్తువుతో ఎందరికో ఆత్మీయమైన అనుబంధం ఉంది, మీ కథ పంచుకున్నందుకు కృతజ్ఞతలు.

నాకున్న సాక్షి ఒక్కడే. అతని నోరు ఎనిమిదేళ్లు నేనే మూయించాను.

మార్చిలో మొదటి మంగళవారం సెలవు పెట్టి హేస్ వెళ్లాను. సూపర్‌వైజరమ్మ రిటైరైందట, ఆవిడ చోట ఒక కుర్ర ఆఫీసరు ఉన్నాడు. నవ్వు మొహం. రాయిని ఇప్పుడు అద్దాల పెట్టెలో పెట్టారు, పసుపు రాలకుండా. పక్కన చిన్న అట్ట: 'ప్రాచీన పూజావిధానపు అరుదైన ఆనవాలు.' పోచమ్మ గుడి ముందు మా అమ్మ లైన్లో నిలబడి తీసుకున్న పసుపు అది.

గుమ్మం దగ్గర మూడుసార్లు దగ్గాను. ఆఫీసరు మంచినీళ్లు కావాలా అన్నాడు. వద్దని, నేల మీద కూర్చోబోయి, నాకేం హక్కుందని మళ్లీ లేచి నిలబడ్డాను. రాయి ముందు, కాసేవాళ్లు వింటుండగా. ఆయన చెప్పిన పద్ధతి అదే కదా. నాకు వచ్చిన భాషలో, తెలుగులో, చెప్పాను.

"నేనే పెట్టాను. తెలియక పెట్టాను, తెలిసి దాచాను. ఆయన అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాను. ఆఖరుసారి కాగితం ఇంట్లో పెట్టుకుని రాలేదన్నాను. ఇంక నన్ను అడిగేవాళ్లు లేరు."

ఆఫీసరు చాలా గౌరవంగా, చేతులు కట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక మెల్లిగా అడిగాడు, "ఎంత బాగుందో! అది ప్రార్థనా?"

"కాదు. నా తప్పు ఒప్పుకున్నాను. ఆ పసుపు నాదని చెప్పాను."

"అవునవును, మీ మెయిల్ చదివాను" అని తల ఊపి, ఫైలు తెరిచి రాసుకున్నాడు. నేను పక్కనుంచి చూశాను. 'సందర్శకురాలు సొంత భాషలో సంప్రదాయ ప్రార్థన చేశారు. పసుపు ప్రస్తావన నేటికీ ఉంది.' కింద తేదీ వేశాడు.

కాదు, అలా రాయకండి అన్నాను. రెండుసార్లు అన్నాను. మీ భావాలు మాకు చాలా ముఖ్యం అన్నాడు.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర పుస్తకం తిప్పి నా ముందు పెట్టాడు. ఈ మధ్య ఎవరూ వచ్చినట్టు లేదు. నా పేరుకి సరిగ్గా పైన ఆయన వరస ఉంది, జనవరిది, అక్షరాలు వణికిపోయున్నాయి. కుటుంబం. చూడ్డానికి. లోపలికి వచ్చిన సమయం పది గంటల ఐదు నిమిషాలు. చివరి గడి ఖాళీ.

"మేడమ్, బయటికి వెళ్లిన టైమ్ రాయాలి, మరిచిపోకండి" అన్నాడు ఆఫీసరు.

గోడ మీద గడియారం చూసి, పదకొండూ ఇరవై అని రాసి, సంతకం పెట్టి, బయటికొచ్చేశాను.